సూట్‌కేసు ముందు విడిపోయింది

లోకంలో విడిపోవడమంత కలిసివచ్చే పని ఇంకోటి లేదు! నవ్వకండి. న్యూజీలాండ్ చలిలో వణుకుతూ కూడా ఈ మాట తొణక్కుండా చెబుతున్నాను.

పెళ్లి చేసుకున్నప్పుడు మిమ్మల్ని ఎవరు పట్టించుకున్నారు? అప్పడం అందలేదని అలిగిన బంధువులు తప్ప! అదే విడిపోయి చూడండి. పన్నుల శాఖ పలకరిస్తుంది. హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీ ఉత్తరం రాస్తుంది. ఇద్దరూ ముక్తకంఠంతో 'ఏ తారీఖున విడిపోయారు?' అని అడుగుతారు. పెళ్లిరోజు మరిచిపోయిన మగాణ్ణి భార్య ఒక్కతే దండిస్తుంది. విడిపోయిన రోజు మరిచిపోతే దేశం మొత్తం దండిస్తుంది!

ఇక్కడే లోవర్ హట్ అనే ఊళ్లో ఉండే మా నిరుపమనే తీసుకోండి. లైబ్రరీలో ఉద్యోగం, పద్నాలుగేళ్ల కూతురు సిరి. భర్త విజయకుమార్‌తో పద్దెనిమిదేళ్ల కాపురం మొన్న మే నెలలో ముగిసింది. తగువెందుకని అడక్కండి. ఒక్క కారణం చెబితే మిగతా కారణాలు నొచ్చుకుంటాయి!

అంతకుముందే నిరుపమ పిత్తాశయంలో రాయి బయటపడింది. డాక్టరు 'రాయి ఉంది' అన్నాడు, ఇన్సూరెన్స్‌వాళ్లకి చెబితే 'ఫారంలో రాయి' అన్నారు! ఆపరేషన్‌కి ప్రైవేటు ఆస్పత్రిలో తేదీ కూడా దొరికింది. చిక్కల్లా ఒక్కటే. రాయి ఆవిడ కడుపులో ఉంది, పాలసీ ఆయన పేరు మీద ఉంది. విడిపోయిన ముప్ఫై రోజుల్లోగా అడిగితే ఆవిడకి విడిగా పాలసీ ఇస్తారు, పాత జబ్బుతో సహా. ముప్ఫై దాటితే ఆ రాయి ఆవిడ సొంత ఆస్తి!

విజయకుమార్ ఇల్లు వదిలింది మే పద్దెనిమిదిన. నిరుపమ జూన్ పదిన దరఖాస్తు పెట్టింది. వేళ్ల మీద లెక్కపెట్టుకుని నిశ్చింతగా ఉంది.

వారానికి ఉత్తరం వచ్చింది. మీ భర్తగారు రాసిచ్చిన ప్రకారం మీరు విడిపోయింది మే ఐదున, గడువు దాటిపోయింది, విచారిస్తున్నాం అని. కంపెనీలు ఎంత సున్నితంగా విచారిస్తాయండీ! ఆపరేషన్‌కి ఇంక తొమ్మిది రోజులే ఉంది.

నిరుపమ ఫోన్ చేసింది.

"ఐదో తారీఖున మీరెక్కడికి వెళ్లారు?"

"నేను వెళ్లలేదు. పద్దెనిమిదిన అష్టమి పడింది, కొత్త ఫ్లాట్ తాళాలు ఆ రోజే ఇస్తామన్నారు. అందుకని ఐదున, దశమి నాడు, పరస్థానం పెట్టాను."

మరిచిపోయినవాళ్ల కోసం చెబుతున్నాను. చెడ్డరోజున బయల్దేరక తప్పదనుకోండి, ముందే ఒక మంచిరోజు చూసి మూటాముల్లే ఇంకొకరింట్లో పెట్టి వస్తాం. ప్రయాణం ఆ రోజునుంచే మొదలైనట్టు. కాశీకి వెళ్లేవాళ్లు పెట్టేవారు, పరీక్షలకి వెళ్లేవాళ్లు పెట్టేవారు. కాపురం వదిలి వెళ్లడానికి పెట్టినవాడు మన విజయకుమారే! స్నేహితుడు మధుసూదన్ గరాజ్‌లో సూట్‌కేసు పెట్టి, ఇంటికొచ్చి భోంచేసి పడుకున్నాడు. ఆ తారీఖే ఇన్సూరెన్స్‌కీ, పన్నులవాళ్లకీ నిజాయితీగా రాసిచ్చాడు.

"అది ఎవరి లెక్కండీ?"

"మా అమ్మ లెక్క."

"ఆ పదమూడు రోజులూ మీకు క్యారేజీ ఎవరు కట్టారు?"

"నువ్వే" అన్నాడు.

"అదే రాసి పంపండి."

ఆయన నసిగాడు. రెండు ఆఫీసుల్లోనూ సంతకం పెట్టాక ఇప్పుడు మారిస్తే అబద్ధం రాశానని పట్టుకుంటారేమోనని భయం. నిరుపమ గొంతు పెంచలేదు.

"మీరు రాసింది అబద్ధమో నిజమో నాకు తెలీదు. నా కడుపులో ఉన్నది మాత్రం నిజం."

మర్నాడు ఇన్సూరెన్స్ ఆఫీసరమ్మతో అందరూ ఒకే ఫోన్ కాల్‌లో కూర్చున్నారు. సూట్‌కేసు పదమూడు రోజులూ తన గరాజ్‌లో గడ్డి కోసే మెషీన్ పక్కన ఒంటరిగానే ఉందనీ, దానితో పాటు మనిషెవరూ రాలేదనీ మధుసూదన్ సాక్ష్యం చెప్పాడు. విజయకుమార్ తిథుల దగ్గర మొదలుపెట్టి నక్షత్రాల దాకా వెళ్లి దారి తప్పాడు. చివరికి సిరి అందుకుని ఇంగ్లిష్‌లో రెండే ముక్కలు చెప్పింది. డాడీ సూట్‌కేసు ఐదున వెళ్లింది, డాడీ పద్దెనిమిదిన వెళ్లారు.

ఆ కివీ ఆఫీసరమ్మ కాసేపు ఆలోచించి, సూట్‌కేసు మా పాలసీలో లేదు కాబట్టి అదెప్పుడు విడిపోయినా మాకు అభ్యంతరం లేదంది. విజయకుమార్ రెండు చోట్లా తారీఖు దిద్దాడు. పద్దెనిమిదేళ్లలో భార్య చెప్పిన తారీఖు ఒప్పుకోవడం ఆయనకదే మొదలు! నిరుపమ పేరు మీద పాలసీ వచ్చింది, ఆపరేషన్ అయింది, రాయి సీసాలోకి చేరింది.

చూశారా విడిపోవడంలో ఉన్న సుఖం? ఈ మాటే మా ఆవిడ రాజ్యానికి ఉత్సాహంగా చదివి వినిపించాను. ఆవిడ బట్టలు మడతపెడుతూ అంతా విని, మన పాలసీ ఎక్కడుందని అడిగింది. తెచ్చిచ్చాను. నా పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. ఆవిడ పేరు కింద, 'ఆధారపడినవారు' అన్న గడిలో ఉంది.

"నా ఒంటికి నా పేరు మీద ఇన్సూరెన్స్ రావాలంటే, నేనూ మిమ్మల్ని వదిలెయ్యాలాండీ?"

ముప్ఫై ఏళ్లుగా మాటల మీద బతుకుతున్నవాణ్ణి. కళ్లజోడు వెతుక్కుని, ఆ పాలసీలో చిన్న అక్షరాలన్నీ మొదటిసారి చదవడానికి కూర్చున్నాను.