ముప్పై ఒక్క చుక్కల భిన్నాభిప్రాయం

మనుషులు వేల ఏళ్లుగా కలిసి చదువుకుంటున్నా ఆ పని ఇంతవరకు సరిగ్గా చేయలేకపోయారనీ, వాళ్ల మధ్య మనుషులు తప్ప మరెవరూ లేకపోవడమే దానికి కారణమనీ ఈ ఏడాది జూన్‌లో జగిత్యాలలో తేలింది. తేల్చినవారు అక్కడి ఒక ప్రైవేటు నర్సింగ్ కాలేజీ ప్రిన్సిపాల్ భాస్కర్ రావు గారు. (ఆయన ఈ విషయమై హైదరాబాదులో రెండు రోజుల వర్క్‌షాపుకు హాజరయ్యారు. రెండో రోజు భోజనాలు కాగానే సర్టిఫికెట్లు ఇచ్చేశారు.)

ఆయన తెచ్చిన యాప్ పేరు ‘సమ్మతి’. ముగ్గురు విద్యార్థినుల మధ్య ట్యాబ్ పెడితే అందులోని కృత్రిమ మేధ వాళ్ల మాటలు వింటుంది. ఎవరు ఎంతసేపు మాట్లాడారో కొలుస్తుంది. తగాదా వస్తే సర్దుతుంది. అందరూ ఒక్క మాట మీదికి వచ్చాక పచ్చదీపం వెలిగిస్తుంది. ఇంటర్నల్స్‌లో ఇరవై మార్కులు సామరస్యానికే. ప్రిన్సిపాల్ గారు సంతకం చేసిన నిబంధనల్లో నాలుగోది, పచ్చదీపం వెలగనిదే ఏ విద్యార్థినీ రోగి మీద గానీ పరికరం మీద గానీ చేయి వేయరాదు. ఐదోది, ట్యూటర్లు సరైన సమాధానం చెప్పి బృందం స్వేచ్ఛకు భంగం కలిగించరాదు.

ఏడో బృందంలో వందన, ప్రణీత, దీవెన ఉన్నారు. వందన తండ్రి బాలయ్య సిరిసిల్లలో మరమగ్గాలు నడుపుతాడు. ప్రణీతది కోరుట్ల, ఇంట్లో అందరూ మాటకారులే. రాయికల్ నుంచి వచ్చిన దీవెన గొంతు ఎలా ఉంటుందో కాలేజీలో చాలామందికి తెలియదు.

మొదటి లెక్క చిన్నదే. అర లీటరు సెలైన్ నాలుగు గంటల్లో ఎక్కాలి. ఆ గొట్టంలో మిల్లీలీటరుకు పదిహేను చుక్కలు పడతాయి. నిమిషానికి ఎన్ని చుక్కలు పెట్టాలి? వందన ముప్పై ఒకటి అంది. ప్రణీత నూట ఇరవై ఐదు అంది. గంటకు నూట ఇరవై ఐదు మిల్లీలీటర్లు అనేదాకా సరిగ్గానే లెక్కవేసి, అక్కడే ఆగి, వాటినే చుక్కలనుకుంది. దీవెనను యాప్ ప్రత్యేకంగా అడిగితే, వాళ్లు ఏదంటే అదేనని తల వంచుకుంది.

రెండు అభిప్రాయాలూ విలువైనవేనని ‘సమ్మతి’ మెచ్చుకుంది. రెండింటికీ సరిగ్గా మధ్యన ఉన్న డెబ్బై ఎనిమిదిని ప్రతిపాదించింది. ప్రణీత పెద్దమనసు చేసుకుని నలభై ఏడు చుక్కలు దిగింది. వందన నలభై ఏడు ఎక్కితే సరిపోయేది. (కరచాలనం బొమ్మ కూడా తెర మీదికి వచ్చేసింది.) వందన ఎక్కలేదు. ఎందుకు కాదో చెప్పబోతే ఆమె వంతు సమయం అయిపోయిందని యాప్ నోరు మూయించింది. పక్కనే ట్యూటర్ రూతమ్మ ఉన్నారు. ముప్పై ఏళ్లు సర్కారు దవాఖానలో పనిచేసి రిటైరైన మనిషి, సమాధానం ఆమెకు నిద్రలో అడిగినా తెలుసు. ఐదో నిబంధనను గౌరవిస్తూ ఆమె కిటికీలోంచి బయటికి చూశారు.

మూడు వారాలు గడిచేసరికి వందన సామరస్యం ఇరవైకి నాలుగు. రిపోర్టులో ‘మొండితనం: అధికం. సమాధానాలు: సరైనవి’ అని వచ్చింది. (రెండోదానికి మార్కులు లేవు.)

ప్రిన్సిపాల్ గారు ఆమెను పిలిపించి, కోపం లేకుండానే మాట్లాడారు.

“నీది తప్పని నేనంటలేను బిడ్డా. గా పిల్ల నీ కోసం నలభై ఏడు దిగింది. నువ్వు యాభై దాకన్న రావద్దా?”

“గుండె జబ్బున్నోళ్లకు నీళ్లు ఎక్కువెక్కితే ఊపిరాడది సార్.”

“పేషెంటు సంగతి సెకండియర్‌ల ఉంటది. ఇప్పుడు నడిచేది గ్రూపు సంగతి.”

తర్వాతి సోమవారం బాలయ్యను పిలిపించారు. ఒక పూట పని మానుకుని, రెండు బస్సులు మారి వచ్చిన బాలయ్య కుర్చీ అంచున కూర్చుని, కూతురి గ్రాఫు కిందికి ఎలా జారిందో అంతా ఓపిగ్గా విన్నాడు.

“నాకు సదువు రాదు సార్,” అన్నాడు చివరికి. “పోగు తెగితే తెగిందనే చెప్త. సగం తెగిందని చెప్పుడు నాకు రాదు, నా బిడ్డకు సుత రాదు.”

బాలయ్య మాటను తల్లిదండ్రుల సహకార లోపంగా నమోదు చేశారు.

ఆ ఆదివారం ప్రణీత హాస్టల్లో వందన గదికి వచ్చింది. నీ వల్ల నా మార్కులు కూడా పోతున్నాయని దెబ్బలాడింది. కాసేపటికి అలసిపోయి, అసలు తన లెక్క ఎక్కడ తప్పిందో చెప్పమని అడిగింది. అన్ని రోజుల్లో ఆ సంగతి ఎవరూ మాట్లాడలేదు. డెబ్బై ఎనిమిదిని మెచ్చుకున్నాక ఆ అవసరం ఎవరికీ కలగలేదు.

వందన రూతమ్మ దగ్గరికి వెళ్లి తేదీ దాటిన సెలైన్ సీసా అడిగి తెచ్చింది. (సీసా ఇవ్వరాదని ఐదో నిబంధనలో లేదు.) దాన్ని కిటికీ చువ్వకు కట్టి, కింద బకెట్ పెట్టి, ప్రణీత చెప్పినట్టే నూట ఇరవై ఐదు దగ్గర వదిలారు. దీవెన వాచీ చూస్తూ కూర్చుంది. నాలుగు గంటలు రావలసిన సీసా గంటకే ఖాళీ అయింది. ప్రణీత ఖాళీ సీసాను చువ్వ నుంచి విప్పింది.

“మనిషికైతే ఏమైతుండె?” అంది తర్వాత, ఎవరినీ చూడకుండా.

ఇంకో సీసా తెచ్చారు. సాయంత్రానికల్లా ముగ్గురికీ లెక్క వచ్చేసింది. అక్కడ ట్యాబ్ లేనందున ఈ అభ్యాసం జరిగినట్టు రికార్డుల్లో లేదు.

అక్టోబర్లో భాస్కర్ రావు గారు వేములవాడలో ఒక పెళ్లికి వెళ్లి, భోజనం పడక, వాంతులతో కాలేజీకి చెందిన ఆస్పత్రిలోనే చేరారు. డాక్టరు చూసి, అర లీటరు సెలైన్ నాలుగు గంటల్లో ఎక్కించమని రాసి వెళ్లాడు. ఆ వారం వార్డు డ్యూటీ ఏడో బృందానిది. సూది గుచ్చడం రూతమ్మ చేశారు. చుక్కలు పెట్టడం నిబంధన ప్రకారం బృందం పని కాబట్టి మంచం పక్కన ట్యాబ్ నిలబెట్టారు.

ముగ్గురూ ముప్పై ఒకటి అన్నారు. పచ్చదీపం వెలగలేదు. భిన్నాభిప్రాయం నమోదు కాలేదు కనుక చర్చ జరగలేదనీ, ఒకరిని చూసి ఒకరు చెప్పినట్టు అనుమానం ఉందనీ, కనీసం ఒకరైనా వేరే అంకె చెప్పాలనీ ‘సమ్మతి’ మర్యాదగా కోరింది. మళ్లీ ముప్పై ఒకటి అన్నారు. అది మళ్లీ కోరింది. పది నిమిషాలు గడిచాయి. ప్రిన్సిపాల్ గారు ఎండిన పెదవులు తడుపుకుంటూ, ఆలస్యం ఎందుకని అడిగారు. జవాబు చెప్పింది దీవెన.

“ఎవరన్న ఒకరు తప్పు చెప్తేనే ఇది కదుల్తది సార్. మాకు ఇప్పుడు తప్పు వస్తలేదు. మీరేమన్న చెప్తరా?”

ఆయన సీసా వైపు చూశారు. ట్యాబ్ వైపు చూశారు.

“దాన్ని బంద్ చెయ్యి,” అన్నారు దీవెనతో. “వందనను పెట్టుమను.”

వందన వాచీ చూసుకుంటూ చుక్కలు లెక్కపెట్టి సరిచేసింది. నాలుగు గంటలూ ముగ్గురూ అక్కడే ఉన్నారు. మర్నాటికి ఆయన లేచి కూర్చుని ఇడ్లీ తిన్నారు.

మూడో రోజు ఉత్తర్వు వచ్చింది. చర్చ లేకుండా ఏకీభవించినందుకు ప్రణీత, దీవెనల సామరస్యం కూడా నాలుగుకు దిగినట్టు అందులో తెలిపారు. కలిసి చదువుకోవడంలో ‘సమ్మతి’ సాధించిన విజయాన్ని కొనియాడారు. ప్రిన్సిపాల్‌కు, మేనేజ్‌మెంట్ సభ్యులకు, వారి బంధువులకు చికిత్స చేసేటప్పుడు మాత్రం ట్యాబ్‌ను గది బయట ఉంచాలని ఆదేశించారు. జనరల్ వార్డులో యథావిధిగా వాడుతున్నారు. అక్కడి రోగుల నుంచి ఇంతవరకు ఒక్క ఫిర్యాదు కూడా అందలేదు.