బ్రాకెన్ తొక్కించిన బుధవారం

బుధవారం ఉదయం ఏడు గంటలకు ఎలునెడ్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. తొమ్మిదింటికి పొరుగింటి టెగ్వెన్ తన గుర్రాన్నీ, దానికి కట్టి లాగించే ఇనుప రోలరునూ తీసుకువస్తుంది. పదింటికల్లా ఇంటికి ఎడమవైపు వాలు మీద నడుమెత్తు పెరిగిన బ్రాకెన్ అనే ఫెర్న్ జాతి కలుపుమొక్క నలగడం మొదలవుతుంది. ఆ మొక్కను కోస్తే మొండికేసి మళ్లీ లేస్తుంది. కాడలు తెగకుండా నలిపితే, ఏటేటా వేరులోని సత్తువ కారిపోయి నీరసిస్తుంది. నేల మీద గూళ్లు కట్టే పిట్టలు పిల్లలతో సహా ఎగిరిపోయి రెండు వారాలైంది కనుక గూళ్లు నలుగుతాయన్న అభ్యంతరం కూడా లేదు. మధ్యాహ్నం మూడింటికి ఆ భూమి కౌలుకిచ్చిన ఎస్టేటు ప్రతినిధి తనిఖీకి వచ్చేసరికి వాలు చాప పరిచినట్టు ఉంటుంది.

ఉండి తీరాలి. సగానికి మించి బ్రాకెన్ కమ్మిన వాలును సాగుభూమిగా పరిగణించబోమనీ, కౌలు నుంచి తప్పించి అక్కడ స్ప్రూస్ చెట్లు నాటిస్తామనీ ఎస్టేటు ఉత్తరం రాసింది. హెండ్రె అనే తమ కమతంలోని రెండు వందల గొర్రెలకు తల్లుల వెంట తిరిగి నేర్చుకున్న ఆ వాలు తప్ప మరో మేత తెలియదు. వేరే కొండకు తోలితే కంచెల పక్కన నిలబడి ఇంటివైపు చూస్తూ చిక్కిపోతాయి. ఉత్తరం రాసిన పెద్దమనిషి ఆ వాలును ఒక్కసారైనా ఎక్కినవాడు కాడు. ఎక్కనివారే అటువంటి ఉత్తరాలు అంత నిశ్చింతగా రాయగలరు.

ఈ పథకాన్ని ఆమె భర్త ఎమ్రిస్‌కు చెప్పలేదు. చెప్పే వీలు లేదు. శనివారం నుంచి వారి మధ్య మాటలు లేవు.

"కలుపుమందు కొట్టేస్తే పీడా పోతుంది కదా," అన్నాడు శనివారం ఎమ్రిస్.

"ఆ వాలు కిందున్న ఊట నీళ్లే మన వంటింట్లోకి వచ్చేది. కొట్టు. కొట్టి, ఆ నీళ్లతో టీ నువ్వే కాచుకో, నువ్వే తాగు."

ఆ తర్వాత నాలుగు రోజులుగా అవసరమైన సమాచారమంతా ఫ్లోస్ అనే గొర్రెల కుక్క ద్వారా నడుస్తోంది. "ఫ్లోస్, భోజనం బల్ల మీద ఉందని చెప్పు." "ఫ్లోస్, ఉప్పు తక్కువైందని చెప్పు." కుక్క ఇద్దరి మాటనూ సమాన గౌరవంతో వినేది.

ఎమ్రిస్ కూడా ఒక విషయం దాచాడు. ఆదివారం నాటికే భార్య మాటలో న్యాయం ఉందని అతనికి అర్థమైంది. అయితే అర్థమైందని చెప్పడం ఆ ఇంట్లో మగవారికి అలవాటు లేదు. అందుచేత ఏమీ చెప్పకుండా, బుధవారం ఉదయాన్నే ట్రెయిలర్ తీసుకుని, పక్క లోయలో ఉండే తన పినతండ్రి కొడుకు ఇథెల్ దగ్గరకు వెళ్లి, ఆరు పందులను అరువు తెచ్చాడు. పందులు ముట్టెతో నేల తవ్వి బ్రాకెన్ వేళ్లను పెకిలిస్తాయి. దీన్ని క్షమాపణ అని గుర్తించేందుకు కొంత ఓర్పు కావాలి.

తొమ్మిదింటికి టెగ్వెన్ గుర్రానికి రోలరు కట్టి నిలబెట్టింది. తొమ్మిదీ రెండు నిమిషాలకు ఎమ్రిస్ ట్రెయిలర్ తలుపు తీశాడు.

గొర్రెలు తప్ప మరేమీ లేని లోయలో పెరిగిన ఆ గుర్రం పదకొండేళ్ల జీవితంలో పందిని చూడలేదు, దాని వాసన ఎరగదు. ఒకేసారి ఆరింటిని చూసింది. రోలరుతో సహా వాగు దాటి, ఎదుటి వాలెక్కి పారిపోయింది.

ఎదుటి వాలు హెండ్రెది కాదు. అది ఎస్టేటు సొంతం. వేటకు పెంచే ఫెజెంట్ పక్షులు దాక్కోవడానికి అక్కడి బ్రాకెన్‌ను ఎస్టేటువారే దట్టంగా ఉంచుకున్నారు. తమ బ్రాకెన్ విషయంలో ఎవరికీ ఉత్తరం రాయలేదు.

"టెగ్వెన్, ఈ పందులెక్కడివో ఆయన్నడుగు!"

"ఎమ్రిస్, పందులెక్కడివీ?"

"మా ఇథెల్‌వి. వేళ్లు తవ్వుతాయి. మందు చుక్క అక్కర్లేదని చెప్పు ఆవిడకి."

"ఎలునెడ్, మందు చుక్క..."

"వినబడింది. నాకేం చెవుడు లేదు."

"మరి నన్నెందుకు మధ్యలో నలుపుతారు? అక్కడ నా గుర్రం కొండెక్కి పోతోంది తల్లీ!"

ఈలోగా పందులు వాగువైపు కదిలాయి. ఎమ్రిస్ నోట్లో రెండు వేళ్లు పెట్టి, పందులను ఎడమకు తిప్పమని ఫ్లోస్‌కు ఈల వేశాడు. అతని సొంత కుక్క వసంతంలో చనిపోయింది. ఫ్లోస్ ఎలునెడ్ పుట్టింటి నుంచి వచ్చిన కుక్క. ఆ కొండల్లో ఈల ఇంటిపేరు వంటిది. తండ్రి నుంచి బిడ్డకు వస్తుంది. హెండ్రెలో ఎడమకు వేసే ఈల ఎలునెడ్ పుట్టింట్లో కుడికి వేస్తారు. ఫ్లోస్ తాను నేర్చిన చదువుకు కట్టుబడి, ఆరు పందులనూ కుడికి మళ్లించి, వాగు దాటించి, గుర్రం వెనకాలే ఎస్టేటు వాలెక్కించింది.

పందులు వెంటపడ్డాయని గుర్రం వాలుకు అడ్డంగా పరుగెత్తింది. రోలరు దాని వెనక బ్రాకెన్‌ను నేలమట్టం చేసుకుంటూ పోయింది. ఎలునెడ్ తన ఈల వేసింది. కుక్క తిరిగింది. ఎమ్రిస్ తన ఈల వేశాడు. కుక్క మళ్లీ తిరిగింది. దానితో పందులు, పందులను చూసి గుర్రం, గుర్రం వెనక రోలరు తిరిగాయి.

"నా కుక్కకి నీ ఈల తెలీదు, ఊదకు" అన్న ఒక్క వాక్యంతో ఇదంతా ఆగిపోయేది. కాని ఆ వాక్యం పలికితే మాట్లాడినట్టవుతుంది. ఎలునెడ్ మరింత గట్టిగా ఈల వేసింది.

"ఒక్కరు ఆపండర్రా! ఎవరో ఒక్కరు!" అని టెగ్వెన్ వాగు మధ్యలో నిలబడి అరిచింది. "కుక్కకి పిచ్చెక్కేలా ఉంది!"

"ముందు ఆయన్ని ఆపమను."

"ముందు ఆవిడని ఆపమను."

రెండున్నర గంటలు గడిచాయి. ఆపైన పందులు అలసి, తాము తవ్విన మెత్తని మట్టిలోనే కూలబడ్డాయి. గుర్రం వణుకు తగ్గి గడ్డి అందుకుంది. అన్నింటినీ పోగుచేసి పెరట్లోకి తెచ్చేసరికి రెండు దాటింది. ఎస్టేటు వాలు మీద నిలిచి ఉన్న బ్రాకెన్ దాదాపు లేదు. హెండ్రె వాలు మీద ఒక్క ఆకైనా వంగలేదు.

ఎమ్రిస్ గోడ మీద కూర్చుని తన వాలును చూస్తూ ఉండిపోయాడు. "స్ప్రూస్ నీడలో గడ్డి మొలవదు," అన్నాడు, కుక్కతో కూడా కాదు, ఎవరితోనూ కాదు. ఎలునెడ్ లోపలికి వెళ్లి టీ పెట్టింది. పెరటి బల్ల మీద నాలుగు కప్పులు ఉంచింది.

సరిగ్గా మూడింటికి బ్లేక్‌మోర్ అనే ఎస్టేటు ప్రతినిధి కాలినడకన దిగివచ్చాడు. ఉద్యోగంలో చేరి రెండు నెలలైంది. కారును లోయ పైనున్న రోడ్డు మీద ఆపి, అక్కడి నుంచే పరిశీలన ముగించుకున్నాడు. అతని చేతిలోని కాగితంలో "ఎడమ వాలు, హెండ్రె కౌలు, కుడి వాలు, ఎస్టేటు సొంతం" అని ఉంది. అది రాసినవారు ఇంటి ముందు నిలబడి పైకి చూస్తూ రాశారు. చదివినవాడు కొండ మీద నిలబడి కిందికి చూస్తూ చదివాడు.

"పారీ గారూ, అద్భుతం!" అన్నాడతను ఎలునెడ్‌ను ఇంటిపేరుతో పిలుస్తూ. "ఎడమ వాలంతా చూశాను. ఎక్కడా మందు వాసన కూడా లేదు. ఎలా సాధించారు?"

"గుర్రం, రోలరు, పందులు," అంది ఎలునెడ్.

"అన్నీ ఒకేసారా?"

"ఒకేసారి."

"కుక్క కూడా ఉందండీ," అంది టెగ్వెన్, కప్పులోకి చూస్తూ.

"ఇంతటి సమన్వయం నేనెక్కడా చూడలేదు. ఆలోచన ఎవరిది?"

ఎమ్రిస్ నిజాయితీపరుడు. అతను లేచి నిలబడ్డాడు. "అయ్యా, అసలు సంగతేంటంటే, ఆ వాలు..."

"ఎమ్రిస్," అంది ఎలునెడ్. "టీ చల్లారిపోతోంది."

నాలుగు రోజుల తర్వాత భార్య నేరుగా అతనితో అన్న తొలి మాట అది. దాని విలువ తెలిసినవాడై అతను కూర్చుని తాగాడు.

ఎలునెడ్ అబద్ధమేమీ ఆడలేదు. ఏ వాలు అని అడిగి ఉంటే చెప్పేది. కాగితం చేతిలో ఉన్నవారు అడగరు.

బ్లేక్‌మోర్ స్ప్రూస్ నాటే ప్రతిపాదనను కొట్టివేసి సంతకం చేశాడు. తర్వాత తలెత్తి, హెండ్రె వాలు వైపు చూసి మొహం చిట్లించాడు. "అది మాత్రం ఘోరం. ఎవరిదండీ అంత నిర్లక్ష్యం?"

"మీ కాగితంలో ఏముందో చూడండి," అంది ఎలునెడ్.

అతను చూశాడు. అతను దిగివచ్చిన వైపు నుంచి అది కుడి వాలు, అంటే ఎస్టేటు సొంతం. చెవులు ఎర్రబడ్డాయి. ఆ రెండో వాలును కూడా ఇదే పద్ధతిలో బాగుచేసిపెట్టగలరా అనీ, ప్రతిఫలంగా గొర్రెలను అక్కడ ఎంతకాలమైనా మేపుకోవచ్చనీ, ఈ సంగతి పైవారిదాకా వెళ్లకుండా ఉంటే బాగుంటుందనీ అన్నాడు. ఎలునెడ్ కొంతసేపు ఆలోచించినట్టు కనబడి, రాసి ఇమ్మంది.

ఆ విధంగా హెండ్రెవారికి, మూడు తరాలుగా తమ గొర్రెలు మేస్తున్న కొండ మీద తమ గొర్రెలను మేపుకోవడానికి, మొట్టమొదటిసారిగా లిఖితపూర్వకమైన అనుమతి లభించింది.