సైకిలు కమిటీ పుణ్యమా అని

సొంత బుద్ధితో సైకిలు కొనేవాడంత మూర్ఖుడు ఈ ఫిజీ దీవుల్లో మరొకడు ఉండడు! కాళ్ళు తనవే కావచ్చు, తొక్కేదీ తనే కావచ్చు. అంతమాత్రాన నిర్ణయం కూడా తనదే అనుకుంటే ఎలా? మరి నలుగురూ ఉన్నదెందుకు? ఈ రోజుల్లో అడక్కుండానే దొరికే సరుకు సలహా ఒక్కటే. దాన్ని కాదన్నవాడికి పుట్టగతులుండవు.

నమ్మరా? అయితే మా రారవాయి ఊళ్ళో సుబ్రమణి సంగతి వినండి.

సుబ్రమణికి యాభై రెండేళ్ళు. స్కూల్లో లెక్కల మాస్టారు. చక్కెర మిల్లు పక్కనే పుట్టి పెరిగాడు కాబట్టి ఒంట్లోనూ చక్కెరకి లోటు లేదు. ఆసుపత్రిలో డాక్టరమ్మ కార్డు చూసి, "మాస్టర్, మూడు నెలలు టైమ్ ఇస్తున్నా. ఒళ్ళు కదిలించండి. లేదంటే కాళ్ళకి ముప్పు" అంది. ఇదే జబ్బుతో సుబ్రమణి అక్క పాపమ్మకి మోకాలి కింద కాలు తీసేసి ఇంకా ఏడాది తిరగలేదు.

నడుద్దామంటే మోకాళ్ళ నొప్పులు. అందుకని సైకిలు తొక్కాలనుకున్నాడు. కుర్రాళ్ళ రేసు సైకిలు కాదు, కొండలెక్కే మొద్దు సైకిలూ కాదు, రెండింటికీ మధ్యరకం హైబ్రిడ్.

"హైబ్రిడ్ అంటే?" అని భార్య మోహిని అడిగింది.

"మన మాట లాంటిదే. థోడా తెలుగు, థోడా హిందీ, బాకీ ఇంగ్లీష్."

"అట్లయితే బాగానే నడుస్తాది. జల్దీ తెచ్చుకోండి" అంది మోహిని.

చూశారా ఆవిడ తొందరపాటు! ఒక కమిటీ లేదు, ఒక చర్చ లేదు!

అదృష్టవశాత్తూ సుబ్రమణి ఆ మాట చెవిన పెట్టలేదు. ఆ సాయంత్రమే స్నేహితుడు మునియ్య ఇంటి వెనక షెడ్డుకి వెళ్ళాడు. అక్కడ చాప పరిచి ఉంటుంది. మధ్యలో పెద్ద కొయ్యగిన్నె, దాన్నిండా యంగోనా అనే కాస్త మత్తెక్కించే వేరు పొడి పిసికిన నీళ్ళు. కొబ్బరిచిప్ప చేతికిస్తారు, చప్పట్లు కొడతారు, తాగాలి. గిన్నె ఖాళీ అయ్యేదాకా లేవకూడదు. లేస్తే మర్యాద కాదు.

మొదట టైరు. చెరుకు లారీ నడిపే పోతయ్య అన్నాడు: "సన్నం టైరు వద్దు భయ్యా. చెరుకు రైలు పట్టాలో ఇరుక్కుంటాది. నువ్వు ఒక దిక్కు, సైకిల్ ఒక దిక్కు."

రిటైరైన హెడ్మాస్టరు జగన్నాథ్ ఒప్పుకోలేదు. "మోటా టైరు తొక్కేకి దమ్ము కావాల. నీ ఏజ్ లో గుండె పట్టేస్తాది."

రెండూ నిజమే! రెండు నిజాలు ఎదురుపడితే తెలివైనవాళ్ళు ఏం చేస్తారు? ఇంకో గిన్నె కలుపుతారు. టైరు తేలడానికి మూడు వారాలు పట్టింది.

తర్వాత బ్రేకులు. జగన్నాథ్ ఫోన్లో పదకొండు వీడియోలు చూసి వచ్చాడు. అన్నీ మంచు కురిసే దేశాల్లో తీసినవే. మన ఊళ్ళో మంచు కురిసిన రోజున డిస్క్ బ్రేకులు ఎంత అవసరమో రెండు వారాలు వివరించాడు. ఆ తర్వాత మునియ్య ఫ్రేము సంగతి ఎత్తాడు. "అల్యూమినియం విరిగితే అతుకు ఎవరు వేస్తారు?" అన్నాడు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! సైకిలు ఇంకా దుకాణంలోనే ఉంది, ఇక్కడ షెడ్డులో మాత్రం రెండుసార్లు విరిగింది.

ఈ ముగ్గురిలో సైకిలు ఎవరు తొక్కుతారని మీరు అడుగుతారు. ఎవరూ తొక్కరు. పోతయ్య ఉప్పు పొట్లానికీ లారీలోనే వెళ్తాడు. అనుభవం ఉన్నవాడు ఒక్క ముక్కలో చెప్పి ఊరుకుంటాడు. లేనివాడే కదా విశాలంగా ఆలోచించగలిగేది?

అలా పది వారాలు, రోజుకి మూడు గంటలు, సుబ్రమణి బాసింపట్టు వేసుకుని కూర్చుని ఒళ్ళు కదిలించడం గురించి నేర్చుకున్నాడు. యంగోనా చేదు కదా, ఒక్కో చిప్పకీ ఒక పిప్పరమెంటు. కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయంటే మునియ్య అభయమిచ్చాడు: "బైఠో భయ్యా, అదే పోతాది."

పదకొండో వారం శనివారం, కమిటీ రాసిచ్చిన చీటీ పట్టుకుని పక్కనున్న బా పట్నం బజారులో సైకిళ్ళ దుకాణానికి వెళ్ళాడు. దుకాణం చూసుకునే అమ్మాయి శశి ఆ చీటీ వంక కూడా చూడలేదు. "ముందు ఎక్కి చూడండి అంకుల్" అంది.

పది వారాల్లో ఈ మాట ఒక్కరూ అనలేదు!

ఎక్కాడు. దుకాణం వెనక పెరట్లో ఒక చుట్టు, రెండో చుట్టు. మొహానికి గాలి తగిలింది. ముప్పై ఏళ్ళ తర్వాత సైకిలెక్కిన సుబ్రమణి పకపకా నవ్వాడు. ఎంత సంతోషమో!

"అంకుల్, ఆగండి! మీ చెప్పు ఇక్కడే జారిపోయింది. కాలంతా రక్తం!" అంటూ శశి పరుగెత్తుకొచ్చింది.

వంగి చూసుకున్నాడు. ఇనప పెడల్ పళ్ళు ఎడమ బొటనవేలిని చీరేశాయి. చూస్తున్నా నొప్పి తెలియడం లేదు.

కట్టు కట్టించుకుని సాయంత్రం షెడ్డుకి వెళ్ళి చెప్పాడు. కమిటీ గంభీరంగా విన్నది.

"ప్లాస్టిక్ పెడల్ మంచిది" అన్నాడు జగన్నాథ్.

"నహీ, ఇనుమే. కానీ బూటు వేయాల" అన్నాడు పోతయ్య.

"బైఠో భయ్యా. పెడల్ సంగతి మనం మాట్లాడనే లేదు" అని మునియ్య గిన్నె కలిపాడు.

"పెడల్ కాదయ్యా!" సుబ్రమణి అరిచేశాడు. "నాకు నొప్పి తెలవలేదు! అక్కకీ ఇట్లే షురూ అయింది! పది వారాలు కూర్చోబెట్టినారు, ఒక్కడన్నా లే అన్నాడా?" అని బావురుమన్నాడు.

పాపం, పెద్దమనుషులు చలించిపోయారు. ఓదార్పుగా ఇంకో పిప్పరమెంటు చేతిలో పెట్టారు.

పదిమంది చేతిలో పాము చావదంటారు. ముగ్గురి చేతిలో బొటనవేలు చచ్చింది. డాక్టరమ్మకి సంస్కారం తక్కువ, ఎవర్నీ సలహా అడగలేదు. చీము పట్టి నల్లబడ్డ వేలిని గురువారం పొద్దున్నే తీసేసింది.

పుండు మానగానే సుబ్రమణి ఎవరికీ చెప్పకుండా వెళ్ళి, చేతికందిన హైబ్రిడ్ ఒకటి తెచ్చుకున్నాడు. ఇప్పుడు రోజూ తొమ్మిది వేళ్ళతో మిల్లు దాకా తొక్కి వస్తున్నాడు. షెడ్డు దగ్గరికి రాగానే చాప మీంచి ముగ్గురూ, "టైరు ఏది తీసుకున్నావు భయ్యా?" అని కేకేస్తారు.

ఎంత అమర్యాదో చూడండి, ఆగడు!