మరిదికి ఎక్కిన విటమిన్లు

పదకొండు రోజుల తర్వాత హెడ్ నర్సుకు ఒక సెలవు దొరికింది. పొద్దున్నే లేవకూడదని, లేచినా మంచం దిగకూడదని, దిగినా గుమ్మం దాటకూడదని ముందురోజే తీర్మానించుకుంది. ఎనిమిదింటికల్లా పక్కవీధిలో ఉండే చెల్లెలు ఫోన్ చేసింది.

"అక్కా, ఒక్క పది నిమిషాలు వచ్చిపోవే. ఇంటికే వచ్చి విటమిన్లు ఎక్కిస్తున్నారు, నేరుగా రక్తంలోకి! రేపు ఆఫీసులో నా ప్రమోషన్ ఫొటో కదా, మొహం మెరవాలి."

"నీ ఒక్కదానికేనా?"

"ఇద్దరికైతే తగ్గింపటే. మీ మరిదికి అప్పుడే పెట్టేశారు కూడా."

హెడ్ నర్సు మంచం మీంచి ఒక్క దూకు దూకింది. ఆ మరిదికి కిందటేడే కిడ్నీలో రాళ్లు తీశారు. రెండు కాళ్లకు రెండు రకాల చెప్పులు తగిలించుకుని పరుగెత్తింది.

హాల్లో బట్టల కొక్కేనికి, గొడుగు పక్కన, పసుపుపచ్చ సంచీ ఒకటి వేలాడుతోంది. దాని గొట్టం సోఫాలో పడుకున్న మరిది చేతిలోకి దిగింది. తెల్లకోటు వేసుకున్న నడివయసు మనిషి పక్కనే కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. ఆమె గబగబా గొట్టం బిగించి ధార ఆపేసింది.

"ఇందులో ఏమున్నాయి?"

"అన్నీ ఉన్నాయండి. ఎవరికి కావాల్సింది వాళ్ల ఒళ్లు తీసుకుంటుందండి."

"ఏ డాక్టరు చూశారు?"

"యాప్‌లో ఫారం నింపారండి."

ఫారంలో జబ్బుల గడులన్నిటికీ మరిది 'లేదు' అని కొట్టాడు.

"మరి కిడ్నీలో రాళ్లో?"

"తీసేశారుగా వదినా, ఇప్పుడు లేవుగా!"

ఆమె పళ్లు నూరింది. "విటమిన్ సి ఇంతింత ఎక్కిస్తే మళ్లీ రాళ్లు పుట్టొచ్చయ్యా!" అని తెల్లకోటు వైపు తిరిగింది. "ఈ మందు పడక మనిషికి ఊపిరి ఆగిపోతే ఏం చేస్తారు మీరు?"

"కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తామండి."

"ఈ పనిలోకి రాకముందు ఏం చేసేవారు?"

"ఏసీల్లో గ్యాస్ నింపేవాణ్ణండి. పని దాదాపు ఒకటేనండి."

'ఊపిరి ఆగిపోతే' అన్న కేక గోడ దాటి పక్కింటావిడ చెవిన పడింది. ఆవిడ కిటికీలోంచి తొంగి చూసేసరికి వేలాడే సంచీ, సోఫా మీదకు వంగిన నర్సు, రేపటి ఫొటో పాడైపోయినట్టేనని వెక్కివెక్కి ఏడుస్తున్న చెల్లెలు కనిపించారు. ఇంకేముంది, ఆవిడ ఒక చేత్తో అంబులెన్సుకు ఫోన్ చేసి, రెండో చేత్తో ఎదురింటి తలుపు కొట్టింది.

ఇక్కడ హెడ్ నర్సు సూది బయటికి లాగింది. మరిది చేతి మీద ఒక్క నెత్తుటి బొట్టు పైకి తేలింది. తెల్లకోటు మనిషి దాన్ని చూసి, "రక్తమండీ..." అంటూ గొడుగుతో సహా సోఫా వెనక్కి కూలిపోయాడు.

అంతలో స్ట్రెచర్ వచ్చింది. ఇరుగుపొరుగంతా కలిసి మరిదిని చూపించారు.

"నేను బాగానే ఉన్నానండీ!"

"అందరూ అలాగే అంటారు, పడుకోండి" అని అంబులెన్సు వాళ్లు బెల్టు బిగించారు.

"ఆయన కాదు! సోఫా వెనక చూడండి!" అని హెడ్ నర్సు గొంతు చించుకుంటే గాని అసలు రోగి దొరకలేదు. చివరికి ఇద్దరినీ ఎక్కించుకుని ఆమె తన ఆసుపత్రికే వెళ్లింది. మరిదికి పరీక్షలు చేయిస్తే గండం ఏమీ లేదని తేలింది. తెల్లకోటు మనిషి పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు. రెండు అరటిపళ్లతో లేచి కూర్చున్నాడు. అప్పటికి సాయంత్రం ఐదయింది.

మర్నాడు వార్డులో ఉండగా చెల్లెలు ఫోన్ చేసింది.

"అక్కా, నా మొహం వెలిగిపోతోందట! ఏం చేశావని ఆఫీసంతా ఒకటే అడగడం!"

"నీకసలు సూదే గుచ్చలేదు కదే! ఏడ్చి ఏడ్చి మధ్యాహ్నం నుంచి తెల్లారేదాకా నిద్రపోయావు. ఆ మాటే చెప్పావా?"

"నిద్రంటే ఎవరు నమ్ముతారే! విటమిన్లు ఎక్కించుకున్నానని చెప్పా. ఐదుగురు అప్పుడే బుక్ చేసేసుకున్నారు!"

హెడ్ నర్సు ఫోన్ పెట్టేసి, తన బీపీ తనే చూసుకుంది.