రేపు రమ్మన్న పంది

ఆ రాత్రి అడవిపందుల వేటకు వెళ్ళాలని మేనేజరుగారు పొద్దున కాఫీ తాగుతూ నిర్ణయించేశారు. బావమరిది మొక్కజొన్న చేనును పందులు పాడుచేస్తున్నాయి. బావమరిది పళ్ళ డాక్టరు. పంట కాపలాకని అనుమతి తీసుకున్న తుపాకీ ఒకటి అతని దగ్గరుంది. మేనేజరుగారి దగ్గర ధైర్యం ఉంది. బ్యాంకులో ఆ ధైర్యమంతా "సంతకం కలవలేదు, రేపు రండి" అని ముసలివాళ్ళను తిప్పి పంపడానికే సరిపోయేది.

"వెళ్ళిరండి. ఈ ఒక్క రాత్రయినా కంటినిండా నిద్రపోతాను," అంది భార్య.

ఆమె బడిలో టీచరు. పెళ్ళయిన నాటినుంచీ ఆయన గురక వింటోంది. పరీక్ష పేపర్లు దిద్దుతూ వాటిమీదే తల వాల్చేస్తోంది, పిల్లలు చూసి నవ్వుతున్నారు. ఆ అవమానానికి ఆమెకు ఏడుపొచ్చేది. సామాన్ల గదిలో పడుకోమని ఎన్నిసార్లు బతిమాలినా ఆయన చెవిన పెట్టలేదు.

"నాకు గురకేమిటి? బయటి మనిషి ఒక్కడు నేను చప్పుడు చేస్తానని చెప్పనీ, ఆ రోజే మంచం సామాన్ల గదిలో వేయించుకుంటా."

"మా తమ్ముడు చెప్తే?"

"వాడు నీ తమ్ముడు. బయటి మనిషి అన్నాను."

రాత్రి ముగ్గురు కార్లో చేనుకు చేరారు. మూడోవాడు డాక్టరు స్నేహితుడు, ఇళ్ళు కట్టే కాంట్రాక్టరు. అడవిపందిని జీవితంలో చూసినవాడు కాడు గానీ దాని గురించి తెలియనిది లేదన్నట్టు మాట్లాడేవాడు.

"బావా, నువ్వా మూల కూర్చుని టార్చి వెయ్యి. నిద్రపోవుగా?" అన్నాడు డాక్టరు.

"బ్యాంకు మొత్తం నా మీద నడుస్తోందిరా. నిద్రపోయే మనిషినా?"

ఆ బ్యాంకు ఎలా నడుస్తోందో ఊరందరికీ తెలుసు. ఆ మూల అడవివైపు ఉందని గమనించిన మేనేజరుగారు ఎవరికీ చెప్పకుండా చేను మధ్యకు వచ్చి, తువ్వాలు పరుచుకుని కాస్త నడుం వాల్చారు.

కాసేపటికి చేను మధ్యనుంచి గుర్రు, గుర్రుమని చప్పుడు మొదలైంది.

"మగపంది," అన్నాడు కాంట్రాక్టరు. "మంచి కోపంలో ఉంది."

"చివర్లో ఈల వేస్తోందేమిటి?"

"ముక్కులో మట్టి ఇరుక్కుంటే అలాగే వస్తుంది."

పళ్ళు తప్ప మరేమీ తెలియని డాక్టరు దాన్ని ఒప్పుకున్నాడు. కాంట్రాక్టరు పాకుతూ వెళ్ళి, ఫోన్‌లో రికార్డింగు పెట్టి, ఫోన్‌ను గట్టు మీదే వదిలి, ప్రాణం మీద తీపితో వెనక్కి వచ్చేశాడు. డాక్టరు గాల్లోకి కాల్చి బెదిరిద్దామనుకున్నాడు. తుపాకీ పైకెత్తేలోపే పేలింది. గుండు కారు టైరులో దిగింది.

ఆ చప్పుడుకు లేచిన మేనేజరుగారు చేతుల మీదా మోకాళ్ళ మీదా మొక్కల్లోంచి దూసుకుపోయారు.

"అదిగో, పోతోంది," అన్నాడు కాంట్రాక్టరు.

తర్వాత అవతలి వైపునుంచి చిరిగిన చొక్కాతో మేనేజరుగారు తేలారు. "నా పక్కనుంచే పోయింది. కర్రతో రెండు తగిలించా."

"చూశాం సార్. అచ్చంగా మీ అంత ఉంది."

మారు టైరు ఇంట్లో మరిచిపోయారు కాబట్టి ముగ్గురు వీరులూ గట్టు మీది ఫోన్ తీసుకుని, నడిచి తెల్లారేసరికి ఇల్లు చేరారు. భార్య ముఖం తేటగా ఉంది. వేట సంగతి ముగ్గురూ ఒకేసారి చెప్పారు. ఆమె నమ్మినట్టు కనిపించకపోవడంతో మేనేజరుగారికి రోషం వచ్చింది.

"ఆ రికార్డింగు వినిపించవయ్యా. గట్టిగా పెట్టు."

గుర్రు. గుర్రు. ఈల. ఆమె భర్తవైపు ఒకసారి చూసి, కాంట్రాక్టరును అడిగింది.

"ఈ చప్పుడు మీరు స్వయంగా విన్నారా?"

"ఒట్టేసి చెప్తానమ్మా. చెవులారా విన్నాను."

"మీరు మాకు బంధువు కూడా కాదు కదా?"

"కాదమ్మా. ఎందుకూ?"

ఆమె జవాబు చెప్పేలోపే ఫోన్‌లో పంది నిద్రమత్తు గొంతుతో మాట్లాడింది. "సంతకం కలవలేదు. రేపు రండి."

కాంట్రాక్టరు చెప్పులు వెతుక్కున్నాడు. భార్య తలగడ తెచ్చి భర్త చేతిలో పెట్టింది. ఇన్నేళ్ళకు గెలిచానని ఆమెకు పట్టలేనంత సంతోషం వేసింది.

సామాన్ల గదిలో పాత బీరువా, బొద్దింకలు ఉన్నాయి గానీ ఫ్యాను లేదు. మేనేజరుగారు చెమటలు కక్కుతుండగా, టైరు మార్చడానికి వెళ్ళిన డాక్టరు సాయంత్రం వచ్చాడు.

"బావా, మనం ఇటువైపు ఉంటే పందులు అటునుంచి వచ్చి సగం చేను తినేశాయి. నువ్వు పడుకున్న చోటు చుట్టూ మాత్రం ఒక్క కంకి ముట్టలేదు. కాపలా పాకలో మంచం వేయిస్తా, ఫ్యాను కూడా పెట్టిస్తా. రోజూ వచ్చి పడుకో చాలు."

మేనేజరుగారికి తల కొట్టేసినట్టయింది. బీరువావైపు చూశారు, తలగడ చంకన పెట్టుకున్నారు. ఇప్పుడు భార్య తెల్లారేదాకా కదలకుండా నిద్రపోతోంది. చేలో మిగిలిన కంకులు బాగున్నాయి.

రాత్రిళ్ళు వేటకు వెళ్తున్నానని ఆయన బ్యాంకులో చెప్పుకుంటున్నారు.