గులాబీ నీళ్ల మూలం

దగ్గరికి జరగండర్రా, ఆ టీవీ గొంతు కాస్త తగ్గించండి. భూమి లోపలి నీటికి కూడా పైన ఒక ఆఫీసు ఉంటుంది. నీరు కంటికి కనబడకపోయినా ఆఫీసు మాత్రం మూడంతస్తులు కనబడుతుంది.

ఒక వీధిలో లాండ్రీ అక్క ఉండేది. ఆసుపత్రి వాళ్ల తెల్లకోట్లు ఉతకడం ఆమె పని, పెరట్లో బావి ఆమెకు ఆధారం. వీధి చివర బట్టలకు రంగులద్దే కార్ఖానా వెలిశాక బావిలో నీళ్లు గులాబీరంగుకు తిరిగాయి. వాటితో పాటు కోట్లూ తిరిగాయి. (పెద్ద డాక్టరుగారిని చూసి ఐస్‌క్రీం అమ్మే అతననుకుని పిల్లలు వెంటపడ్డారట.) ఇంకొక్కసారి ఇలా జరిగితే పని మానిపిస్తామని ఆసుపత్రి కబురు పెట్టింది.

"గుడ్లప్పగించి కూచుంటావేమే? పోయి ఆ నీళ్ల ఆఫీసులో అడుగు!" అని అత్తగారు తరిమింది.

ఆఫీసులో అక్క చెప్పిందంతా మూలాన్వేషణాధికారి విన్నాడు.

"నీళ్లు పాడయ్యాయంటే చాలదమ్మా. మూలం తేల్చాలి. తేల్చి, దానికి సీలు వెయ్యాలి."

"ఆ కార్ఖానా గొయ్యే సార్! రంగంతా అందులోనే పోస్తున్నారు."

"అది నువ్వు తేల్చకూడదు."

తేల్చడానికి ఆయనే సిబ్బందితో వచ్చాడు. కార్ఖానా వాళ్లు పీపాలకు పీపాలు గోతిలో పోశారు. పోసింది పోసినట్టు నేల తాగేసింది.

"మురికేదీ? ఇంత శుభ్రమైన గొయ్యి నా సర్వీసులో చూడలేదు," అని యజమానిని మెచ్చుకున్నాడు. పెట్రోలు బంకు కింది ట్యాంకు కారుతోందని ఎవరో అంటే, అక్కడ వాసనే వస్తోందనీ, వాసన వేరే శాఖదనీ చెప్పాడు. మరుగుదొడ్ల గుంతకు మూత ఉంది కనుక మర్యాదగా తప్పుకున్నాడు.

చివరికి బావిలో చేద వేయించాడు. గులాబీ నీళ్లు పైకొచ్చాయి. ఆయన మొహం వెలిగిపోయింది.

"దొరికింది!"

"ఏం దొరికింది సార్?"

"మూలం! మురికి ఎక్కడ బయటపడితే అదే మూలమని మా నిబంధన. ఈ వీధి మొత్తంలో మురికినీళ్లు బయటికొస్తున్నది నీ బావిలోంచే."

అత్తగారు కొంగు బిగించింది. "అయితే నాయనా, ముక్కు కారితే ముక్కుకి సీలేస్తారా?"

"ముక్కు ఆరోగ్యశాఖ కిందికి వస్తుందమ్మా," అన్నాడాయన శాంతంగా, లక్క కరిగిస్తూ.

బావికి సీలు పడింది. అక్క పని ఊడింది. ఇంత ప్రమాదకరమైన బావికి దగ్గర్లో ఓర్పుగా వ్యాపారం చేసుకుంటున్నందుకు కార్ఖానా యజమానికి సన్మానం జరిగింది. (ఆనాటి నుంచి ఆ వీధిలో మురికినీరు ఒక్క చుక్క బయటపడలేదు. ఆ మాట మాత్రం నిజం.)

ఇది మనసులో పెట్టుకుని మీ పిల్లలకూ చెప్పండర్రా. చెప్పేటప్పుడు మాత్రం మురికి ఫలానా చోట ఉందని వేలు పెట్టి చూపించకండి; వేలికి సీలేస్తారు.