గస్ హ్రాబిక్ బంకు ఎక్కడ?

శనివారం ఉదయం వెర్లిన్ పెట్టుకున్న పని చాలా చిన్నది. చర్చి పక్కనున్న ఖాళీ స్థలంలో ఒక బోర్డు పాతాలి, ఇంటికొచ్చి కాఫీ తాగాలి. రెండూ సాఫీగా అయిపోయాయి. అసలు గొడవ సోమవారం మొదలైంది.

బోర్డు మీద ఎర్ర రంగుతో "గస్ హ్రాబిక్ పెట్రోలు బంకు ఇక్కడే ఉండేది" అని రాసి ఉంది. పెద్ద రోడ్డు పక్కన కంపెనీ బంకులు వెలిశాక, సొంతంగా బంకు నడుపుకునే గస్ లాంటివాళ్ళు నెబ్రాస్కా రాష్ట్రంలో ఒక్కొక్కరే తలుపులు మూసుకున్నారు. వాళ్ళ పేర్లున్న పాత ఆయిల్ డబ్బాలను వెర్లిన్ రిటైరైన దగ్గర్నుంచీ పోగు చేస్తున్నాడు. ఇంటి వెనక షెడ్డు నిండా అవే. కోడిపుంజు బొమ్మ ఉన్న గస్ డబ్బాకి మధ్య అర మొత్తం కేటాయించాడు. డబ్బా మిగిలింది గానీ, గస్‌ని తలుచుకునేవాడే ఊళ్ళో లేడని అతని బాధ.

ఆ కొరత సోమవారం తీరింది. చర్చికి కొత్త వంటశాల కట్టడానికి పునాది తవ్వబోయిన కాంట్రాక్టరు డ్వేన్ ఆ బోర్డు చదివి, యంత్రం ఆపేసి, వెర్లిన్‌ని పిలిపించాడు.

"ఇక్కడ బంకుండేదా?"

"చిన్నప్పుడు మా నాన్న ట్రక్కులో కూర్చుని నేనే చూశాను," అన్నాడు వెర్లిన్ గర్వంగా. "ధాన్యం గోదాముకి సరిగ్గా ఎదురుగా."

"మరి ట్యాంకులేవి?"

"ఏ ట్యాంకులు?"

"గస్ పెట్రోలు బావిలోంచి తోడి పోసేవాడా? భూమిలో ట్యాంకులుంటాయిగా. వాటిని తీశారో లేదో తేలకుండా తవ్వితే నా లైసెన్సు ఊడుతుంది. రాష్ట్ర ప్రభుత్వం వాళ్ళకి ఫోన్ చేస్తున్నా."

ఆ వంటశాల కోసం వెర్లిన్ భార్య ఆర్డిస్, చర్చి ఆడవాళ్ళూ ఏళ్ళ తరబడి ఆపిల్ పైలనే తీపి రొట్టెలు కాల్చి అమ్మారు. చలికి నేల గడ్డకట్టేలోపు పునాది పడకపోతే మళ్ళీ వసంతం దాకా ఆగాల్సిందే. ఆ రాత్రి ఆర్డిస్ అతని ముందు సూపు డబ్బా ఒకటి పెట్టింది. మూత కూడా తీయలేదు.

"ఇదేంటి?"

"డబ్బాలంటే నీకు ప్రాణం కదా. చూస్తూ కూర్చో."

ట్యాంకులు ఎప్పుడో తీసేశారని ఎవరైనా ఒక్క ముక్క చెబితే చాలనుకుని, మర్నాడు వెర్లిన్ కాఫీ హోటల్లో పెద్దవాళ్ళందరినీ కూర్చోబెట్టాడు. వాళ్ళు ట్యాంకుల దాకా రానేలేదు. బంకు ఇప్పటి బ్యాంకు ఉన్నచోట ఉండేదని ఒకాయన, కాదు మంగలి దుకాణం ముందని ఇంకొకాయన పట్టుబట్టారు. రాష్ట్ర ప్రభుత్వం నుంచి వచ్చిన ఆఫీసరమ్మాయి పక్క బల్ల దగ్గర ఆపిల్ పై ముక్క తింటూ అంతా వింది. సాయంత్రానికల్లా బ్యాంకు ముందూ మంగలి దుకాణం ముందూ పసుపు రిబ్బన్లు కట్టించింది. మంగలి వెర్లిన్‌కి క్షవరం చేయనన్నాడు. బ్యాంకు మేనేజరు అతన్ని చూసి అద్దాల తలుపు వేసుకున్నాడు.

తల పట్టుకున్న వెర్లిన్, గోదాములో జీవితమంతా పనిచేసిన డెల్మర్ దగ్గరికి వెళ్ళాడు.

"నువ్వైనా చెప్పవయ్యా. గోదాముకి ఎదురుగానా, కాదా?"

"ఎదురుగానే. కానీ ఏ గోదాముకి?"

"ఎన్నున్నాయేంటి మనకి?"

"పాతది కాలిపోయిందిగా. నువ్వప్పుడు సైన్యంలో ఉన్నావు. కొత్తది రైలు పట్టాలకి ఇవతల కట్టాం. పాతది అవతల ఉండేది."

"దానికెదురుగా ఇప్పుడేముంది?"

డెల్మర్ తీరిగ్గా ముక్కు తుడుచుకున్నాడు. "నీ షెడ్డు."

వెర్లిన్ అటూ ఇటూ చూశాడు. "ఈ మాట ఇంకెవరికైనా చెప్పావా?"

"ఇన్నాళ్ళలో నన్నడిగిన మొదటివాడివి నువ్వే. దాచమంటే దాచేస్తా. ఆర్డిస్‌తో మాత్రం నువ్వే పడు."

ఇంటికొచ్చి వెర్లిన్ షెడ్డులో చాలాసేపు నిలబడ్డాడు. నోరు మూసుకుంటే డబ్బాలు ఉన్నచోటే ఉంటాయి. వంటశాల మాత్రం లేవదు. చివరికి వంటింట్లోకి నడిచాడు.

"ఆర్డిస్, ఆ బంకు చర్చి దగ్గర కాదు. మనింట్లో ఉంది."

ఆమె గరిట కింద పెట్టింది. "ఆ అమ్మాయికి చెప్పావా?"

"ముందు నీకు చెబుతున్నా."

"నేనేం చేసుకోను? వెళ్ళి ఆమెకి చెప్పు."

భూమిలో ఇనుమును పసిగట్టే యంత్రం షెడ్డంతా తిరిగి, మధ్య అర కింద ఆగి కూసింది. షెడ్డు విప్పేశారు. డబ్బాలు పడకగది నిండి, స్నానాల తొట్టి నిండి, పియానో మీదికెక్కాయి. ఊళ్ళో రిబ్బన్లు ఊడాయి. చర్చి స్థలంలో డ్వేన్ యంత్రం మళ్ళీ కదిలింది. ఆర్డిస్ డబ్బాల మధ్య దారి చేసుకుంటూ తిరిగింది.

శుక్రవారం క్రేను ట్యాంకును పైకి లేపింది. తుప్పుపట్టి, బురద కారుతూ, గేదెంత ఉంది. అదృష్టవశాత్తూ పెట్రోలు మాత్రం నేలలోకి కారలేదు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

"ఇక దీన్ని తుక్కుకి పంపేస్తాం," అంది ఆఫీసరమ్మాయి.

వెర్లిన్ దగ్గరికెళ్ళి, దాని మీది బురదను అరచేత్తో మెల్లగా తుడిచాడు.

"అమ్మాయ్, దీన్ని నేనుంచుకోవచ్చా?"

ఆ అమ్మాయి నిబంధనలేవీ వెతకలేదు. ఆర్డిస్ ముఖం ఒకసారి చూసి, చట్టం ఒప్పుకోదంది.